అరుదైన కారుకు ఓనర్స్ క్లబ్ పెట్టడం ఎలా? కాంటెస్సా ఉదాహరణగా ఒక సమగ్ర మార్గదర్శి

పాత కారు క్లబ్ పెడదామనుకోగానే చాలామంది ముందు చేసే పనులు మూడు: లోగో గీయించడం, టీషర్టులు కుట్టించడం, వాట్సాప్ గ్రూపు తెరవడం. ఇవన్నీ వారంలో అయిపోతాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు. ఏళ్ల తరబడి నిలబడ్డ క్లబ్బుల్లో మాత్రం రెండు పనులు జరుగుతూ ఉంటాయి. ఏ బండి ఎక్కడ, ఏ స్థితిలో ఉందో రాసిపెట్టే రిజిస్టరు ఒకటి. బజార్లో దొరకని పార్టును నలుగురూ కలిసి దొరికేలా చేసుకోవడం రెండోది. ర్యాలీలు, ఫొటోలు వీటి తర్వాతే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాను.

మాట గాల్లో తేలకుండా ఒక బండిని ముందు పెట్టుకుందాం: హిందుస్తాన్ కాంటెస్సా. ఒకప్పుడు మంత్రుల ఇళ్ల ముందు, పెళ్లి ఊరేగింపుల్లో దర్జాగా కనిపించిన బండి. ఇప్పుడు రోడ్డు మీద ఒకటి కనిపిస్తే పక్క కారువాళ్లు అద్దం దించి ఫోన్లు తీస్తున్నారు.

ముందు బండి పుట్టుపూర్వోత్తరాలు

కాంటెస్సా 1984లో మార్కెట్లోకి వచ్చింది, 2002 దాకా తయారైంది. అంబాసిడర్ తయారైన పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీయే దీనికీ పుట్టిల్లు. బాడీ మాత్రం బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 70ల్లో అమ్మిన విక్టర్ ఎఫ్‌ఈ, వీఎక్స్ కార్లది. మొదట్లో దీంట్లో పెట్టింది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే. అంత బాడీని లాగలేక ఆయాసపడేది. 80ల రెండో సగంలో ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజను, దానికి తగ్గ ఐదు గేర్ల బాక్సు వచ్చాక అది కాంటెస్సా క్లాసిక్ అయింది. తర్వాత ఇసుజువారి 1995 సీసీ డీజిల్ కూడా వచ్చింది. ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014లో మూతపడింది.

ఇదంతా ఎందుకంటే, క్లబ్ దేనికి కష్టపడాలో ఇక్కడే తేలిపోతుంది. ఆ 1.8 ఇసుజు ఇంజనే 90ల్లో అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోకి వెళ్లింది, డీజిల్ ఇంజను అంబాసిడర్ 2000 డీఎస్‌జెడ్‌లోకి వెళ్లింది. కాబట్టి ఇంజను సామానుకు అంబాసిడర్ బజారు ఉంది, అంబాసిడర్ మేస్త్రీలు ఉన్నారు. అద్దాలు, డోర్ బీడింగులు (డోరు అంచుల రబ్బరు పట్టీలు), టెయిల్ ల్యాంపు లెన్సులు, గ్రిల్, బంపర్లు మాత్రం కాంటెస్సావే. అవి పోతే బండి షెడ్డుకే పరిమితం.

మీ బండి వేరే అయితే ముందు ఇదే లెక్క వేసుకోండి. 80ల్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000ది దీనికి తిరగేసిన కథ. దాని బాడీ రోవర్ ఎస్‌డీ1ది కాబట్టి బ్రిటన్‌లో వెతికితే బాడీ సామాను దొరుకుతుంది. లోపలున్నది పాత స్టాండర్డ్ ఇంజను, తలనొప్పంతా దాంతోనే. ఏది సులువుగా దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది ఒక కాగితం మీద రాయండి. మీ క్లబ్ ఎజెండా అదే.

1. ఇప్పటికే ఎవరైనా ఉన్నారేమో చూడండి

కేరళలోనో, బెంగళూరులోనో మీ బండికి గ్రూపు ఉండొచ్చు. ఉంటే ముందు అందులో చేరి, హైదరాబాద్ శాఖ నడుపుతామని అడగండి. అరుదైన బండికి రెండు పోటీ క్లబ్బులుంటే సగం ఓనర్లు అటు, సగం ఇటు అయిపోయి ఏ పార్టుకూ సరిపడా ఆర్డరు రాదు. కొత్తది పెట్టక తప్పదంటే ఆ గ్రూపువాళ్లకు ఒక ఫోన్ చేసి చెప్పి పెట్టండి. రేపు సామాను వాళ్ల దగ్గర ఉండి మీ దగ్గర లేనప్పుడు ఆ ఫోన్ పనికొస్తుంది.

2. ఓనర్లను వెతకడం

అరుదైన బండి ఓనర్లలో సగం మంది సోషల్ మీడియాలో ఉండరు. రిటైరైన ఇంజనీర్లు, డాక్టర్లు, పాత రైస్ మిల్లు యజమానులు, తండ్రి బండిని అమ్మలేక పల్లెలో షెడ్డులో పెట్టి అమెరికా వెళ్లిపోయిన కొడుకులు. వీళ్లను పట్టుకోవాలంటే బండి తిరిగే చోట్లకు వెళ్లాలి.

విజయవాడ జవహర్ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, విశాఖ గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల తిరగండి. ఇంజను మేస్త్రీ ఒక్కడినే అడిగి వచ్చేయకండి. రేడియేటర్ షాపు, సీటు కవర్ల షాపు, టింకరింగ్ షెడ్డు, పాత బ్యాటరీల కొట్టు, అన్నీ అడగండి. రేడియేటర్ రిపేరు చేసేవాడికి పాత బండ్లు ఎన్నున్నాయో ఇంజను మేస్త్రీకన్నా బాగా తెలుస్తుంది. ఎందుకంటే ఏళ్ల తరబడి కదలని బండిలో ముందు జామయ్యేది రేడియేటరే. పెళ్లిళ్లకు కార్లు అలంకరించి ఇచ్చేవాళ్లనూ, సినిమా షూటింగులకు పాత బండ్లు సరఫరా చేసేవాళ్లనూ కలవండి.

ఒక జాగ్రత్త. పాత బండి ఓనరుకు ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేస్తే స్క్రాప్ బ్రోకరనే అనుకుంటాడు. అందుకే మొదటి మాట జాగ్రత్తగా ఉండాలి. మాట ఇలా నడిస్తే బాగుంటుంది:

"నమస్తే అండీ. మీ దగ్గర తెల్ల కాంటెస్సా ఉందని ఆటోనగర్‌లో మేస్త్రీ చెప్పారు."

"అమ్మేది లేదు బాబూ."

"కొనడానికి కాదండీ, నాకూ ఒకటుంది. మీ దానికి వెనక అద్దం బీడింగు ఎక్కడ వేయించారో కనుక్కుందామని."

అంతే. అవతలివైపు గొంతు మారిపోతుంది. ఆ తర్వాత అరగంట మీరు వింటే చాలు. ఆ ఫోన్లో క్లబ్బు ఊసు, సభ్యత్వం ఊసు ఎత్తొద్దు. బండి చూడటానికి రావచ్చా అని మాత్రం అడగండి. వెళ్లినప్పుడు బానెట్ మీద చెయ్యి వేసే ముందు కూడా అడగండి.

ఆర్టీఏ ఆఫీసులో ఎవరినో పట్టుకుని ఓనర్ల ఫోన్ నంబర్ల జాబితా సంపాదించే ప్రయత్నం వద్దు. అది వాళ్ల వ్యక్తిగత సమాచారం. పైగా అలా ఫోన్ చేస్తే "నా నంబరు నీకెవరిచ్చారు" అన్న ప్రశ్న దగ్గరే వ్యవహారం చెడుతుంది.

3. మొదటి కలయిక

ఐదారు బండ్లు తేలగానే కలవండి. ఇరవై అయ్యేదాకా ఆగితే ఆ రోజు రాదు. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పార్కింగ్ ఉన్న టిఫిన్ హోటల్ దగ్గర కలవడం మంచిది. హైదరాబాద్‌లో అయితే నెక్లెస్ రోడ్డు, విశాఖలో అయితే బీచ్ రోడ్డు అందరికీ తెలిసిన చోట్లు. బండ్లు ఎక్కువైతే ట్రాఫిక్ పోలీసులకు ముందే ఒక లేఖ ఇవ్వండి. ఔటర్ రింగు రోడ్డు మీద వరసగా ఆపి ఫొటోలు తీసుకోవాలన్న ఆలోచనే వద్దు. అక్కడ బండి ఆపడమే ప్రమాదం.

బండి కదలని ఓనర్లను తప్పకుండా పిలవండి, బైకు మీదో ఆటోలోనో వస్తారు. క్లబ్బు అవసరం అందరికన్నా ఎక్కువ వాళ్లకే. ఆ రోజు ప్రసంగాలు వద్దు. ఒక నోటు పుస్తకం తిప్పి, ప్రతి ఒక్కరి చేతా వాళ్ల బండికి అర్జంటుగా కావాల్సిన మూడు సామాన్లు రాయించండి. మళ్లీ మళ్లీ కనిపించే పేరు ఏదైతే ఉందో అదే క్లబ్ మొదటి ప్రాజెక్టు.

4. బండ్ల రిజిస్టరు

ఇది ఎవరూ ఇష్టపడని పని, క్లబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చే పని. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ప్రతి బండికీ చాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన సంవత్సరం, ఫ్యాక్టరీ రంగు, ఇప్పటి రంగు, ఇప్పుడున్న ఇంజను, జిల్లా, నడుస్తోందా లేదా, ఫొటోలు. ఇంజను మార్చిన బండ్లు కాంటెస్సాల్లో బోలెడు. పెట్రోల్ తీసి డీజిల్ పెట్టినవి కొన్ని, ఇంకో కంపెనీ ఇంజను ఎక్కించినవి కొన్ని. సిగ్గుపడాల్సిందేమీ లేదు, రాసుకోండి. ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కిందా లేదా అన్నది కూడా రాసుకోండి. ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చిక్కే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు పట్టుకునేది దాన్నే.

నోటిమాట నంబర్లు నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ పనిలో చేసినట్టే పెన్సిల్ ప్రింట్ తీయండి. బానెట్ ఎత్తి, నంబరు కొట్టిన చోటును కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే పేరుకున్న గ్రీజు, మట్టి పోతాయి. గట్టి బ్రష్ వాడొచ్చు గానీ ఉప్పుకాగితం మాత్రం రుద్దొద్దు, అక్షరాల అంచులు పోతాయి. ఆరాక పల్చటి తెల్ల కాగితాన్ని టేపుతో కదలకుండా అంటించి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే దిక్కుగా రుద్దాలి. అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా తేలతాయి. 3కీ 8కీ తేడా ఫొటోలో తెలియకపోయినా ప్రింటులో తెలుస్తుంది. ఆ కాగితాన్ని ఆర్‌సీతో పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఓనరుకు అప్పుడే చెప్పండి. అమ్మేటప్పుడు బయటపడితే నానా తంటాలు పడాలి.

రిజిస్టరు ఎవరెవరు చూడొచ్చో మొదటి రోజే రాసి పెట్టుకోండి. పూర్తి చాసిస్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఇద్దరు ముగ్గురు కమిటీ సభ్యుల దగ్గరే ఉండాలి. మిగతావాళ్లకు సంవత్సరం, రంగు, జిల్లా కనిపిస్తే చాలు. బయటికి పోయిన చాసిస్ నంబరుతో దొంగ బండ్లకు కాగితాలు పుట్టించేవాళ్లు ఉన్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం కూడా సభ్యుడి సమ్మతి తీసుకోవడం మంచిది. ఫారంలో ఒక వాక్యం, కింద సంతకం చాలు.

5. పార్టులు: అసలు కథ

మొదటి కలయికలో రాయించిన జాబితాను మూడు కుప్పలుగా విడదీయండి.

మొదటి కుప్ప, వేరే బండితో కలిసే సామాను. దీనికి క్లబ్ చేయాల్సింది ఒక పట్టిక తయారు చేయడమే: ఈ సామాను, ఫలానా బండిది సరిపోతుంది, ఫలానా చోట దొరుకుతుంది. ఈ పట్టికలోకి ఎక్కించే ముందు ఎవరో ఒకరు బిగించి చూసి ఉండాలి. "సరిపోతుందంట" అన్న మాట పట్టికలోకి రాకూడదు. ఊళ్ల విషయానికొస్తే హిందుస్తాన్ మోటార్స్ బండ్ల పాత సామానుకు కలకత్తా మల్లిక్ బజార్ పెద్ద దిక్కు. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి కూడా ఉన్నాయి. ఒక్కొక్కరూ విడివిడిగా వెళ్లి బేరమాడే బదులు ఏడాదికోసారి ఇద్దరు వెళ్లి అందరి జాబితా తెస్తే ఖర్చు తగ్గుతుంది.

రెండో కుప్ప, కొత్తగా చేయించగలిగేవి. రబ్బరు బీడింగులు, బుష్‌లు, కేబుళ్లు, గ్యాస్కెట్లు, కొన్ని ప్లాస్టిక్ ముక్కలు. క్లబ్బు ఉండటం వల్ల అసలైన లాభం ఇక్కడే. డోర్ బీడింగు సంగతే చూద్దాం. రబ్బరు ఎక్స్‌ట్రూజన్ (రబ్బరును అచ్చులోంచి తోసి పొడవు పట్టీలుగా తీయడం) చేసే చిన్న పరిశ్రమకు పాత ముక్క పట్టుకెళ్తే డై, అంటే ఆ అచ్చు ఖర్చు వేరుగా, రబ్బరు ఖర్చు వేరుగా చెబుతారు. డైకి 40,000, సెట్టుకు 900 అన్నారనుకుందాం. 50 సెట్లు చేయిస్తే మొత్తం 85,000, అంటే సెట్టు 1,700 పడుతుంది. 20 సెట్లే అయితే 58,000, అంటే సెట్టు 2,900. ఒక్కడే చేయించుకుంటే నలభై వేలు దాటుతుంది. ఈ లెక్కను సభ్యుల ముందు బోర్డు మీద రాసి చూపిస్తే "మా బండికి తర్వాత చూద్దాంలే" అనేవాళ్లు కూడా పేరు ఇస్తారు.

పరిశ్రమకు వెళ్లేటప్పుడు ఈ విషయాలు మరవొద్దు. శాంపిల్‌గా ఇచ్చే ముక్క ఎండకు కుంచించుకుపోయినది కాకూడదు. డోరు పైభాగంలో ఎండ తగిలే చోటుది కాకుండా కింద మడత లోపలిది కోసి ఇవ్వండి. రబ్బరు ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే కృత్రిమ రబ్బరు) అయి ఉండాలి, మన ఎండలకు మామూలు రబ్బరు రెండు వేసవులకే పగుళ్లు ఇస్తుంది. గట్టిదనం ఎంతో అడిగి రాయించుకోండి. మరీ గట్టిగా ఉంటే డోరు మూసుకోదు, మరీ మెత్తగా ఉంటే వాన నీళ్లు లోపలికొస్తాయి. ముందు రెండు మీటర్లు చేయించి ఒక బండికి వేసి, వాటర్ సర్వీసింగ్‌లో పైపుతో నీళ్లు కొట్టించి చూసి, ఆ తర్వాతే మొత్తం ఆర్డరు ఇవ్వండి. డై ఎవరిదన్నది కాగితం మీద రాసుకోవాలి, క్లబ్బు డబ్బు పెట్టింది కాబట్టి అది క్లబ్బుదే అని. ఈ ఒక్క వాక్యం లేకపోతే మీ డైతోనే చేసిన బీడింగు రేపు ఇంకెవరో మీకే అమ్ముతారు.

డబ్బు ముందు, ఆర్డరు తర్వాత. మొహమాటపడి "తర్వాత ఇవ్వండి సార్" అన్న ఆర్గనైజరు ఇంట్లో అట్టపెట్టెలు పేరుకుంటాయి. పూర్తి సొమ్ము ఇచ్చినవాళ్ల పేర్లే ఆర్డర్లో ఉండాలి. కొరియర్, కొంత వృథా కలిపి చిన్న మొత్తం అదనంగా తీసుకుని, మిగిలింది తిరిగి ఇచ్చేయండి. క్లబ్ సామాను మీద లాభం తీసుకోకూడదన్నది నా పట్టుదల. ఒక్క రూపాయి లాభం కనిపించినా "వాళ్లు వ్యాపారం చేస్తున్నారు" అన్న మాట పుడుతుంది, దాన్ని ఇక ఆపలేరు.

పెట్రోల్ బండ్లకు ఇప్పుడు ఇంకో పని వచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కార్బురేటర్ కాలపు రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు, సీళ్లు దీనికి తట్టుకోవు, ఉబ్బి పెళుసుబారతాయి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే ఫ్యూయల్ పైపును క్లబ్ తరఫున చుట్టల్లో కొని సభ్యులకు మీటర్ల లెక్కన కోసి ఇవ్వండి. ఖర్చు చిన్నదే, కానీ బానెట్ కింద మంట రాకుండా కాపాడేది అదే.

మూడో కుప్ప, చేయించలేనివి. ముందు అద్దం, బాడీ ప్యానెళ్లు. వీటికి పాత బండ్లే ఆధారం. కాంటెస్సాకు వాక్స్‌హాల్ చుట్టరికం ఉంది కాబట్టి బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ క్లబ్బులకు రాసి చూడండి. మన బండి పేరు చెబితే వాళ్లకూ సరదాయే. అక్కడున్న తెలుగువాళ్లలో ఎవరి తండ్రికైనా ఈ బండి ఉంటే వాళ్లనే మీ తరఫు మనిషిని చేసుకోండి. విక్టర్ అద్దం మన బండికి పడుతుందా లేదా అన్నది టేపు పెట్టి కొలిపించాకే డబ్బు కట్టండి.

పార్టుల కోసం చచ్చిన బండిని కొంటే దాని ఆర్‌సీ రద్దయ్యే ఏర్పాటు చేయండి. విప్పేసిన బండి కాగితాల్లో బతికే ఉంటే రేపు వచ్చే చలానా, కేసు ఏదైనా పాత ఓనరు మెడకే చుట్టుకుంటుంది. క్లబ్బును నమ్మి బండి ఇచ్చిన మనిషి ఆయన.

6. మేస్త్రీలు

ఇసుజు ఇంజను విప్పి బిగించిన మేస్త్రీల్లో చాలామంది పెద్దవాళ్లయిపోయారు. వాళ్లను క్లబ్ కార్యక్రమాలకు అతిథులుగా పిలవండి, శాలువా కప్పండి, అది మన పద్ధతే. కానీ అక్కడితో ఆగొద్దు. కార్బురేటర్ ట్యూనింగ్, వాల్వు సెట్టింగ్, క్లచ్ పని లాంటివి వాళ్లు చేస్తుంటే వీడియో తీసి పెట్టుకోండి. ఆ రోజు కూలీ పూర్తిగా ఇచ్చి, వీడియోకు వేరే ఇవ్వండి. పక్కన ఒక కుర్ర మెకానిక్‌ను కూర్చోబెట్టండి. "భాయ్, ఒకసారి మళ్లీ చూపించు" అని అడిగే అలవాటున్న కుర్రాడైతే సగం పని అయినట్టే.

7. కాగితాలు

సభ్యులు ఎక్కువగా అడిగేది దీని గురించే. వింటేజ్ నంబరు వస్తుందా అని. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, మళ్లీ చేయించడానికి 5,000 ఫీజు. తొలి కాంటెస్సాకు ఆ అర్హత 2034లో వస్తుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో 30 ఏళ్లు దాటితే చారిత్రక వాహనమే. ప్రదర్శనల్లో ఆ లెక్క పనికొస్తుంది, చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు.

అప్పటిదాకా మన బండి మామూలు పాత బండే. పదిహేనేళ్లకు, ఆపైన ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్, హరిత పన్ను తప్పవు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 10,000 అయింది. చివరి కాంటెస్సా కూడా 2002ది కాబట్టి అన్నీ ఇందులోకే వస్తాయి. ఫీజులు మారుతుంటాయి, కట్టే ముందు పరివాహన్ పోర్టల్‌లో చూడండి.

1989కి ముందు మూడక్షరాల నంబరున్న బండ్లది ఇంకో బాధ. పుస్తకం రూపంలో ఉన్న ఆర్‌సీలు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కలేదు. వాటికి ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఈ పని ఒకసారి చేయించుకున్న సభ్యుడిని పట్టుకుని, ఏ కాగితాలు అడిగారో వరసగా రాయించి మిగతావాళ్లకు ఇవ్వండి.

ఢిల్లీ బండ్లు చవగ్గా వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాయి, 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని సమర్థించింది. అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇక్కడికి తెచ్చాక కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో ముందే కనుక్కుని ఆ మొత్తాన్ని కూడా ధరలో కలిపి చూడండి.

బీమాలో ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీకీ ఓనరుకూ మధ్య ఒప్పుదలే. బాగుచేసిన బండికి ఖర్చు బిల్లులు, ఫొటోలు ఒక ఫైలుగా పెట్టుకుంటే విలువ అడిగేటప్పుడు నీళ్లు నమలక్కర్లేదు.

8. క్లబ్బును రిజిస్టర్ చేయాలా?

మొదటి ఏడాది అక్కర్లేదు. సామాను ఆర్డర్లు మొదలై డబ్బు చేతులు మారుతున్నప్పుడు మాత్రం చేయాలి. రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే నడుస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయాల పత్రం, నియమావళి ఉండాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కమిటీ జాబితా అక్కడ ఇవ్వాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా. ఖాతాకు ఇద్దరి సంతకం ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. పన్నుల సంగతికి ఒక ఆడిటరును చూసుకోండి.

పేరు పెట్టేటప్పుడు ఆలోచించండి. కాంటెస్సా పేరు కోసం 2022లో హిందుస్తాన్ మోటార్స్ ఇంకో సంస్థతో ఒప్పందం చేసుకుంది. అంటే బండి ఆగిపోయినా పేరుకు యజమాని ఉన్నాడు. "ఓనర్ల సంఘం" అని పెట్టుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు గానీ కంపెనీ లోగోను టీషర్టుల మీద వేసి అమ్మితే నోటీసు రావచ్చు. మీ సొంత బొమ్మ గీయించుకోండి.

9. గ్రూపు కట్టుబాట్లు

గ్రూపులు రెండు ఉండాలి. ప్రకటనల గ్రూపులో కమిటీ మాత్రమే రాయాలి. ముచ్చట్ల గ్రూపులో అందరూ. రాజకీయాలు, కులం, ఫార్వర్డులు వద్దు. బండి అమ్మకం పోస్టుకు ధర, ఆర్‌సీ స్థితి, తుప్పు పట్టిన చోట్ల ఫొటోలు తప్పనిసరి. బ్రోకర్లను చేర్చుకోవాలా వద్దా అన్నది ప్రతి క్లబ్బులోనూ గొడవే. నా మటుకు చేర్చుకోండి అంటాను, కానీ బ్రోకరని పేరు పక్కన రాసి. దాచిపెట్టి చేరినవాడే ప్రమాదం.

10. కలిసి ప్రయాణం

మొదటి ప్రయాణం చిన్నదిగా ఉండాలి. విశాఖ నుంచి భీమిలి తీరం వెంట వెళ్లి రావడం బాగుంటుంది. అరకు ఘాట్ తర్వాత చూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రెండో మూడో ప్రయాణానికి సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పెట్టొద్దు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిపితే కార్బురేటర్ బండ్లకు పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజను ఆగుతుంది, రోడ్డు మీద అందరికీ టెన్షన్.

బాగా నెమ్మదిగా నడిచే బండి ముందుండాలి, దాని వేగమే అందరి వేగం. చివర్లో మేస్త్రీ ఉన్న బండి. తాడు, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాను బెల్టు, కాయిల్, పాయింట్లు, నీళ్ల క్యాన్లు అందులోనే. కుటుంబాలు వస్తాయి కాబట్టి ఆగే ప్రతిచోటా శుభ్రమైన బాత్రూము ఉందో లేదో ముందే చూసి రండి. ఇది సరిగ్గా లేక రెండోసారి ఎవరూ రాని క్లబ్బులు ఉన్నాయి.

11. పెరగడం

కొత్త సభ్యులకోసం ప్రచారం అక్కర్లేదు. షెడ్డులో పడి ఉన్న ఒక బండిని క్లబ్ కలిసి రోడ్డెక్కిస్తే ఆ కబురు ఆటోనగర్ అంతా పాకుతుంది. ఏడాదికి అలాంటిది ఒకటి పెట్టుకోండి. ఖర్చు ఓనరుదే, శ్రమ, సామాను వెతుకులాట క్లబ్బుది.

బండి లేని కుర్రాళ్లను సహాయ సభ్యులుగా తీసుకోండి. రిజిస్టరు టైపు చేసేది, విరిగిన టెయిల్ ల్యాంపు లెన్సును స్కాన్ చేసి త్రీడీ ప్రింట్ మోడల్ తయారు చేసేది వాళ్లే. ఓటు మాత్రం ఓనర్లకు ఉంచండి. విదేశాల్లో ఉన్న ఓనర్లకు వేరే ఏర్పాటు కావాలి: నెలకోసారి ఎవరైనా వెళ్లి వాళ్ల బండి స్టార్ట్ చేసి, కాస్త తిప్పి, వీడియో పంపడం. దానికి ఒక రుసుము పెట్టండి, సంతోషంగా ఇస్తారు. తాళాలు, బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి.

వేరే ఊళ్లో శాఖ పెట్టాలంటే అక్కడ ఒక ఓనరు, ఒక నమ్మకమైన మేస్త్రీ ఉంటే చాలు. రిజిస్టరు, డైలు, ఖాతా ఉమ్మడిగా ఒక్కచోటే ఉండనివ్వండి. కలయికలు, ప్రయాణాలు వాళ్ల ఇష్టం.

12. చేతులు మారే రోజుకు

స్థాపకుడే పదేళ్లు అధ్యక్షుడిగా ఉంటే క్లబ్ ఆయన ఇంటి వ్యవహారం అయిపోతుంది. రెండేళ్ల పదవీకాలం, వరసగా రెండుసార్లకు మించి వద్దు అని నియమావళిలోనే రాయండి. రిజిస్టరు, ఈమెయిలు పాస్‌వర్డులు, డైలు ఉన్న పరిశ్రమల చిరునామాలు, బీడింగు కొలతలు ముగ్గురి దగ్గర ఉండాలి.

సభ్యులు పెద్దవయసువాళ్లు కాబట్టి ఇంకోటి కూడా ఆలోచించక తప్పదు. ప్రతి ఓనరు నుంచీ కుటుంబంలో ఒకరి ఫోన్ నంబరు తీసుకోండి. మనిషి పోయాక ఇంట్లోవాళ్లకు బండి విలువ తెలియక దినకర్మలు అయ్యీ అవగానే వచ్చినవాడికి వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. మీరు వెళ్లి పలకరించి, బండి మీద పార్టుల జాబితా గానీ ధర గానీ మాట్లాడకుండా, వారసుల పేరు మీదకు ఆర్‌సీ మార్చడానికి ఫారం 31 కావాలని, మరణ ధృవీకరణ పత్రం జతచేయాలని చెప్పండి, ఆఫీసుకు తోడు వెళ్లండి. ఉంచుకుంటారా అమ్ముతారా అన్నది వాళ్లు తీరిగ్గా తేల్చుకుంటారు. అమ్మేటట్టయితే ముందు క్లబ్బుకు చెప్పమని మాత్రం అడగండి.